మూడో నంబరు హెచ్చరిక అంటే మా ఊరికి ఏమిటి?

2018 అక్టోబరు 10 సాయంత్రం శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఉండే మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. పొద్దుట్నుంచీ టీవీలో తిత్లీ తుఫాను మాటే. ఆమె గొంతులో మాత్రం కంగారు లేదు. “ఇన్నాం బాబూ. ఆటోకి మైకు కట్టుకొచ్చి సెప్పెల్నారు. బడికాడికి వచ్చీమంతన్నారు. సూడావుని ఒగ్గీసి నానెక్కడికెల్తాను? ఫైలిన్‌కే ఏటీ అవ్వలేదు మనకి” అంది.

తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140–150 కిలోమీటర్లు. అర్ధరాత్రి దాటాక ఇంటి పెంకులు ఒక్కొక్కటిగా లేచిపోతుంటే పెద్దమ్మ ఆవు పలుపు చేతికి చుట్టుకుని పక్కవాళ్ల స్లాబు ఇంటికి చేరింది. రెండిళ్ల మధ్య దూరం ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులు దాటడానికి పాకాల్సి వచ్చిందని తర్వాత చెప్పింది.

హెచ్చరిక ఆమెకు అందింది, ఆమె నమ్మింది కూడా. గాలి వస్తుందని ఆమెకు తెలుసు. ఆ గాలి తన పెంకుటింటిని ఏం చేస్తుందన్నదే తెలియలేదు, ఎందుకంటే ఆ మాట ఆమె విన్న హెచ్చరికలో లేదు. గాలి ఎంత వేగంతో వీస్తుందో, వాన ఎన్ని సెంటీమీటర్లు పడుతుందో వాతావరణ కేంద్రం చెబుతుంది. ఇంట్లోవాళ్లకు కావాల్సింది వేరు. కప్పు నిలుస్తుందా, ఆవును ఏం చేయాలి, కోసిన వరి పనలు తడుస్తాయా, రేపు వేటకు వెళ్లొచ్చా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రతి ఏడూ ఈ రెండు భాషల మధ్యే మనుషులు నలుగుతున్నారు. ‘చెప్పినా వినరు’ అని అధికారులు, ‘అర్థమయ్యేలా చెప్పరు’ అని జనం అనుకుంటుంటారు. ఇద్దరి మాటలోనూ ఎంతోకొంత నిజం ఉంది. అది ఎంతో తెలియాలంటే ముందు హెచ్చరికలోని మాటలకు అర్థాలు చూడాలి.

పేరు పెట్టేది గాలిని బట్టే, వానను బట్టి కాదు

సముద్రం మీద గాలి పీడనం తగ్గి, చుట్టూ ఉన్న గాలి అటు తిరగడం మొదలైతే అది అల్పపీడనం. ఆ సుడిలో గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం అంటారు. 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62 దగ్గర తుఫాను. పేరు పెట్టేది ఇక్కడే. 89 దాటితే తీవ్ర తుఫాను, 118కి చేరితే అతి తీవ్ర తుఫాను. అంతకు పైన ఇంకో మెట్టు ఉంది, ఆపైన 220 దాటినవి సూపర్ సైక్లోన్లు. 1999 అక్టోబరు 29న ఒడిశాను ముంచినది అలాంటిదే.

ఈ వేగం ఒక్క క్షణం విసురు కాదు. మూడు నిమిషాల సగటు. అందుకే బులెటిన్‌లో ‘140–150, ఒక్కోసారి 165’ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఆగకుండా తోసే గాలి, రెండోది మధ్యమధ్యలో కొట్టే దెబ్బ. పెంకులు లేపేది, చెట్టు విరిచేది చాలాసార్లు ఆ రెండోదే.

గాలి వేగం రెట్టింపైతే గోడ మీద దాని తోపు నాలుగు రెట్లవుతుంది. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్‌లో గాలి 75–85 కిలోమీటర్లు. తిత్లీలో 140–150. అంకెలు చూస్తే రెట్టింపు కూడా లేదు. లెక్క కడితే తోపు మూడు రెట్లకు పైనే. ‘గులాబ్‌ని చూశాం, ఇదీ అంతే’ అనుకునే మనిషి తర్కంలో తప్పు లేదు. 80కి, 145కి తేడా ఎంతో చెప్పేవాళ్లు లేకపోవడమే లోపం.

గులాబ్ మరో పాఠం కూడా చెప్పింది. పేరుకు అది వట్టి తుఫానే, తీవ్ర తుఫాను కూడా కాదు. కానీ విజయనగరం, విశాఖ జిల్లాల్లో కుండపోత కురిపించింది, లోతట్టు కాలనీలు నీళ్లలో మునిగాయి. తుఫాను వర్గీకరణలో వానకు చోటు లేదు. ‘తీవ్ర’ అనే మాట గాలికి సంబంధించినది మాత్రమే. నెమ్మదిగా కదిలే బలహీనమైన వాయుగుండం, వేగంగా దాటిపోయే తీవ్ర తుఫాను కంటే ఎక్కువ వాన కురిపించొచ్చు. ‘బలహీనపడింది’ అన్న స్క్రోలింగ్ చూసి ఊపిరి పీల్చుకునే ముందు వాన సంగతి ఏం రాశారో కూడా చూడాల్సింది అందుకే.

రేవు నంబర్లు నిచ్చెన మెట్లు కావు

‘కళింగపట్నం, భీమునిపట్నం పోర్టుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’. ఏటా అక్టోబరులో పేపర్లో కనిపించే వాక్యం ఇది. చదివినవాళ్లలో ఎక్కువమంది దీన్ని పదింటికి మూడు మార్కుల్లా అర్థం చేసుకుంటారు. నంబరు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు, తగ్గితే తగ్గినట్టు. ఇది సగమే నిజం.

ఈ సంకేతాలు పుట్టింది ఓడల కోసం. 1, 2 నంబర్లు దూరంగా నడిసముద్రంలో ఉన్న గొడవ గురించి, అంటే రేవు వదిలి వెళ్లే ఓడకు దారిలో ఎదురయ్యేది. 3, 4 రేవుకే సంబంధించినవి. మూడో నంబరు ఎగరేశారంటే రేవులో ఈదురుగాలులు రావచ్చని, నాలుగైతే తుఫాను వల్ల రేవుకు ముప్పు ఉందిగానీ ఇంకా చివరి జాగ్రత్తలు అవసరమైనంత దగ్గరికి రాలేదని అర్థం.

అసలు తికమక 5 నుంచి మొదలవుతుంది. 5, 6, 7 మూడూ ఒకే బలమున్న తుఫానుకు వాడేవే. తేడా పక్కలో ఉంది. తుఫాను దారికి ఎడమ పక్క రేవు ఉంటే 5, కుడి పక్క ఉంటే 6, రేవు మీదుగా గానీ దానికి బాగా దగ్గరగా గానీ పోతే 7. ఇదే వరస తీవ్రమైన తుఫానుకు 8, 9, 10గా మళ్లీ వస్తుంది. కాబట్టి ఎనిమిది నుంచి తొమ్మిదికి మారిందంటే తుఫాను బలపడిందని కాదు, దారి మారిందని. పదకొండో నంబరు అన్నిటికంటే వేరు. తుఫాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

కుడి, ఎడమల గురించి రేవువాళ్లకు ఇంత పట్టింపు ఎందుకు? మన వైపు తుఫాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అది బంగాళాఖాతం నుంచి పడమరగా మన తీరం మీదికి వస్తున్నప్పుడు, దారికి కుడి పక్క అంటే ఉత్తరపు వైపు, సుడిగాలికి తుఫాను నడక కూడా తోడవుతుంది. అక్కడ గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది, నీళ్లనూ తోసుకొస్తుంది. ఉప్పెన భయం ఆ పక్కనే ఎక్కువ. దక్షిణపు వైపు గాలి నేల నుంచి సముద్రంలోకి పోతుంది. ఒకే తుఫాను, ఒకే పేరు. పక్కపక్క ఊళ్లకు వేరువేరు అనుభవాలు.

ఇప్పుడు మా పెద్దమ్మ మాట మళ్లీ చూడండి: ‘ఫైలిన్‌కే ఏటీ అవ్వలేదు’. 2013 అక్టోబరు 12న ఫైలిన్ 200 కిలోమీటర్లకు పైబడిన గాలితో తీరం దాటింది ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర. కవిటి నుంచి చూస్తే అది ఉత్తరం. అంటే కవిటి ఎడమ పక్క పడింది. తిత్లీ దాటింది పలాస దగ్గర, కవిటికి దక్షిణాన. ఈసారి కవిటి కుడి పక్కకు వచ్చింది. అంకెల్లో ఫైలిన్ ఎంతో పెద్దది. ఆమె ఇంటికి మాత్రం తిత్లీయే పెద్దది. ఆమె అనుభవం అబద్ధం చెప్పలేదు. అది వేరే పక్క నుంచి వచ్చిన అనుభవం, అంతే. ఈ ఒక్క సంగతి ఆ రోజు ఫోన్‌లో నాకు తెలిసి ఉంటే ఆమెకు చెప్పి ఉండేవాణ్ని.

ఒకే రంగుకు రెండు అర్థాలు

వాన హెచ్చరికల్లో ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే కదలాల్సిన వేళ. వీటి వెనక సెంటీమీటర్లు ఉంటాయి. 24 గంటల్లో సుమారు 6.5 నుంచి 11.5 సెంటీమీటర్ల వాన ‘భారీ’, 11.5 నుంచి 20.4 వరకు ‘అతి భారీ’, అది దాటితే ‘అత్యంత భారీ’. ‘అతి’కి, ‘అత్యంత’కు తేడా వినే చెవికి దాదాపు తెలియదు. నీళ్లలోకి మార్చి చూస్తే తెలుస్తుంది. ఎకరం పొలం మీద 6.5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 2 లక్షల 60 వేల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు యాభైకి పైగా ఒక్క ఎకరంలో గుమ్మరించినట్టు. 20 సెంటీమీటర్లయితే 8 లక్షల లీటర్లు, నూట అరవై ట్యాంకర్లు. ఊరి చెరువుకు వాలున్న వెయ్యి ఎకరాల్లో పడేదెంతో, గట్టు ఎంత తట్టుకోవాలో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

తుఫాను బులెటిన్లలో ఇవే రంగులు ఇంకో పనికి కూడా వాడతారు. తీరంలో వాతావరణం పాడవడానికి కనీసం 48 గంటల ముందు ఇచ్చే అప్రమత్తతకు పసుపు, 24 గంటల ముందు ఇచ్చే హెచ్చరికకు నారింజ, తీరం దాటడానికి 12 గంటల ముందు ‘దాటాక లోపలి జిల్లాల్లో ఏమవుతుంది’ అని ఇచ్చేదానికి ఎరుపు. వాన రంగులో ఎంత తీవ్రమన్నది ఉంటుంది, తుఫాను రంగులో ఎంత సమయం ఉందన్నది ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే ఎర్ర మ్యాపు వీటిలో దేని గురించో ఒక్కోసారి పంపినవాళ్లకే తెలియదు. నిపుణుల్లోనే దీని మీద రెండు మాటలున్నాయి. నాలుగు రంగులైతే చదువు రానివాళ్లకూ అర్థమవుతాయి, వివరాలు పెంచితే ఎవరూ చూడరని కొందరు అంటారు. రంగు ఒక్కటే చూపిస్తే దాని వెనక ఏముందో ఎవరూ అడగరని మరికొందరు. నాకు రెండో మాటలో బలం కనిపిస్తుంది, కానీ రంగు తీసేస్తే పని జరగదని కూడా తెలుసు.

‘ఒకటి రెండు చోట్ల’

హెచ్చరికల మీద నమ్మకం పోవడానికి నా లెక్కలో అన్నిటికంటే పెద్ద కారణం ఈ చిన్న మాటే. వాతావరణ శాఖ భాషలో ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పావు వంతు దాకా. ‘కొన్ని చోట్ల’ అంటే పావు నుంచి సగం, ‘చాలా చోట్ల’ అంటే సగం నుంచి ముప్పావు, అంతకు మించితే ‘దాదాపు అన్ని చోట్లా’.

శ్రీకాకుళం జిల్లాలో 30 మండలాలు. లెక్క కోసం మండలానికి ఒక కేంద్రం అనుకుందాం. ‘జిల్లాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు’ అని చెప్పారు. మర్నాడు పాతపట్నం, మెళియాపుట్టి, హిరమండలం, ఇంకో రెండు మూడు చోట్ల ఎనిమిదేసి సెంటీమీటర్లు పడింది. అంచనా అక్షరాలా నిజమైంది. కానీ మిగిలిన ఇరవై నాలుగైదు మండలాల్లో జనం పొడి మబ్బు చూసి, ‘మళ్లీ ఉత్తుత్తి హెచ్చరికే’ అనుకున్నారు. వాళ్ల ఊరి మట్టుకు వాళ్లూ తప్పు చెప్పలేదు. ఒకే రోజు ఒకే అంచనా కార్యాలయంలో నిజం, ఇరవై నాలుగు మండలాల్లో అబద్ధం. టీవీలో చదివేటప్పుడు ఆ ‘ఒకటి రెండు చోట్ల’ ముక్క ఎగిరిపోయి ‘శ్రీకాకుళం జిల్లాకు భారీ వర్ష సూచన’ మాత్రమే మిగిలితే పరిస్థితి ఇంకా పాడవుతుంది.

తీరం దాటే చోటు చుక్క కాదు

మ్యాపులో తుఫాను దారి ఒక గీత. దాని చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే నీడ ఒకటి ఉంటుంది. తుఫాను మధ్యభాగం ఆ నీడలో ఎటైనా పోవచ్చని అర్థం. చూసేవాళ్ల కన్ను మాత్రం గీత మీదే నిలుస్తుంది. ఇరవై నాలుగు గంటల ముందు ఇచ్చే అంచనాలో సగటు తేడా ఈమధ్య కాలంలో 70–80 కిలోమీటర్లు. పూర్వంతో పోలిస్తే ఇది చాలా మెరుగు. అయినా ఆమదాలవలసలో రైలెక్కి పలాసలో దిగితే సుమారు అంతే దూరం. రేపు ఆమదాలవలస దగ్గర దాటుతుందన్న తుఫాను పలాసలో దాటినా ఆ అంచనా మామూలు తేడాలోనే ఉన్నట్టు.

ఇంకో చిక్కు, హద్దులు చెప్పే పద్ధతి. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు ‘మచిలీపట్నం–కళింగపట్నం మధ్య, కాకినాడ పరిసరాల్లో’ దాటుతుందని ప్రకటించారు. ఆ రెండు పట్నాల మధ్య దూరం దాదాపు 400 కిలోమీటర్లు. మనవైపు జనానికి ఆ వాక్యంలో వినబడింది కళింగపట్నం ఒక్కటే. ఎవరి ఊరి పేరు వాళ్ల చెవికి ముందు తగులుతుంది. కాకినాడ అన్నదే అసలు మాట అని చెప్పేసరికి సగంమంది పాల ప్యాకెట్ల కోసం పరుగెత్తారు.

2021 డిసెంబరులో జవాద్ కథ ఇంకా బాగా గుర్తుంది. ఉత్తరాంధ్ర–దక్షిణ ఒడిశా తీరం దగ్గరికి వస్తుందన్నారు. రైళ్లు రద్దయ్యాయి, బడులకు సెలవిచ్చారు, తీరం ఊళ్లలో వేలమందిని తరలించారు. కోతల రోజులు కావడంతో రైతులు రాత్రికి రాత్రే పనలెత్తి కుప్పలు వేశారు. డిసెంబరు 4న అది సముద్రంలోనే బలహీనపడిపోయింది. కూలీలకు పోసిన డబ్బు, మానేసిన పని, పునరావాస కేంద్రంలో పిల్లలతో గడిపిన రాత్రి ఎవరికీ తిరిగి రాలేదు. తిత్లీది దీనికి తిరగేసిన కథ. 2018 అక్టోబరు 8న వాయుగుండం, 10వ తేదీ మధ్యాహ్నానికే అతి తీవ్ర తుఫాను, 11 తెల్లవారుజామున నేల మీద. మూడు రోజులు కూడా లేవు. ఒకటి వస్తుందని రాలేదు, ఇంకొకటి ఊహించుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. సముద్రపు వేడి, పైగాలుల వరస గంటల్లో మారితే ఈ రెండూ జరుగుతాయి.

ఇక్కడ ఎండ, వాన ఒడిశాలో

నాగావళి, వంశధార రెండూ పుట్టేది ఒడిశా కొండల్లో. బాహుదా, మహేంద్రతనయ కూడా అటునుంచే వస్తాయి. రాయగడ, గజపతి జిల్లాల్లో రాత్రి పడిన వాన గొట్టా బ్యారేజీకో, తోటపల్లికో చేరడానికి గంటలు పడుతుంది. ఆ వేళకు ఇక్కడ ఎండ కాయొచ్చు. తిత్లీ గాలి ఆగాక వంశధారకు వరద వచ్చింది ఇలాగే. గాలికి విరిగినవి ఎత్తుకుంటున్న చేతులకు నీళ్ల హెచ్చరిక వచ్చింది.

నది దగ్గర ‘మొదటి ప్రమాద హెచ్చరిక’, ‘రెండో ప్రమాద హెచ్చరిక’ అనేవి ఆ బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని, ప్రవాహాన్ని బట్టి ఇచ్చేవి. ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో చెబుతారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. అంకె ఎంత పెద్దదైనా దిగువన లంకపొలంలో దోసపాదు వేసుకున్న మనిషికి కావాల్సింది ఒక్కటే: ఆ నీళ్లు తన గట్టుకు ఎన్ని గంటలకు చేరతాయి, ఎంత ఎత్తు ఉంటాయి.

విన్నాక ఇంట్లో ఏం జరుగుతుంది

హెచ్చరిక విన్న వెంటనే ఎవరూ లేచి బయల్దేరరు. ఇది మన దగ్గరే కాదు, ప్రపంచంలో ఎక్కడైనా విపత్తుల మీద పనిచేసినవాళ్లు గమనించిన విషయం. మనుషులు ముందు కనుక్కుంటారు. పక్కింటివాళ్లు ఏం చేస్తున్నారు, గ్రామ సచివాలయంలో ఏమంటున్నారు, విశాఖలో ఉన్న అబ్బాయి ఏమన్నాడు, చేపల రేవులో పెద్దలు ఆకాశం చూసి ఏమన్నారు. రెండు మూడు నోళ్ల నుంచి ఒకే మాట వచ్చాక కదులుతారు. బయటినుంచి చూసేవాళ్లకు ఇది కాలయాపనలా ఉంటుంది. నిజానికి హెచ్చరికను తమ ఇంటి కొలతకు కుట్టుకోవడం అది. అందుకే వేరువేరు చోట్ల నుంచి వేరువేరు మాటలు వస్తే, టీవీ ఒకటి, వాట్సాప్ ఇంకొకటి చెబితే, ఆ కనుక్కోవడం తెగదు, సమయం మాత్రం పోతుంది.

ఇక కదలడానికి అయ్యే ఖర్చు. పూసపాటిరేగ, భోగాపురం తీరంలో ఒక మత్స్యకారుడి లెక్క ఊహించి చూద్దాం. పడవ, ఇంజను, వలలు కలిపి 4 లక్షలు. వేటకు వెళ్తే రోజుకు 3 వేలు మిగులుతుంది. మూడు రోజులు వెళ్లొద్దన్నారు, 9 వేలు పోయాయి. అలాంటి హెచ్చరికలు వచ్చిన వందసార్లలో ఐదుసార్లు నిజంగా పడవ పోయేంత గాలి వస్తుందనుకుంటే, సగటున వెళ్లిన ప్రతిసారీ 20 వేల నష్టం ఒడిలో పెట్టుకున్నట్టు. ఆగడమే లాభం. వందలో ఒక్కసారే అయితే ఆ సగటు 4 వేలకు దిగుతుంది, అప్పుడు డబ్బు లెక్కలో వెళ్లడమే లాభంగా కనిపిస్తుంది. ప్రాణం ఈ లెక్కలో వేయలేదు, వేస్తే లెక్కే ఉండదు.

కాగితం మీద 20 వేలు సగటు. చేతిలోంచి పోయే 9 వేలు మాత్రం ఈ వారానివి. వడ్డీ కట్టాల్సింది శనివారం. ‘ఆశపడి వెళ్లారు’ అని తర్వాత తేలిగ్గా అనేస్తాం. ఆ మాట అనేముందు 9 వేలు ఎవరు ఇస్తారన్న ప్రశ్న కూడా అడగడం న్యాయం.

పునరావాస కేంద్రానికి వెళ్లకపోవడానికి కారణాలు ఇలాంటివే. పశువులకు అక్కడ చోటుండదు. ఇంటికి తాళం వేసినా పెంకు తీసి దిగొచ్చు. బడిలో రెండే మరుగుదొడ్లు ఉంటే ఆడవాళ్లు, నెలసరిలో ఉన్న పిల్లలు, మంచం దిగలేని ముసలివాళ్లు వెనకాడతారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ఇళ్లలో ప్రశ్న ఇంకోటి: రోడ్డు తెగితే రెండ్రోజుల తర్వాతి డయాలసిస్‌కు ఎలా వెళ్లాలి? ఇవి భయం లేక వచ్చినవి కావు. ఒక భయాన్ని ఇంకో భయంతో తూచడం వల్ల వచ్చినవి.

మన జిల్లాలకే ప్రత్యేకమైన సంగతి మరొకటి ఉంది. ఇక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా, చెన్నై, పారాదీప్ దాకా వలస వెళ్లి బోట్లెక్కుతారు. అరేబియా సముద్రంలో తుఫానంటే టెన్షన్ పడే ఇళ్లు బంగాళాఖాతం ఒడ్డున ఉన్నాయి. ఆ ఇళ్లకు అవసరమైన హెచ్చరిక వాళ్ల జిల్లా బులెటిన్‌లో ఎప్పుడూ కనిపించదు.

‘నాన్నా పులి’ అవుతుందా?

హెచ్చరికలు ఎక్కువైతే జనం నమ్మడం మానేస్తారా? దీని మీద వాదన పాతదే. ఎక్కువ ఇవ్వాలనేవాళ్ల మాట ఇది: రాని తుఫానుకు కదిలితే మూడు రోజుల కూలి పోతుంది, వచ్చిన తుఫానుకు కదలకపోతే మనిషే పోతాడు. రెండూ ఒక గాటన కట్టకూడదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో దాదాపు పది వేల మంది పోయారు. తిత్లీ, హుద్‌హుద్‌లలో ఆస్తి నష్టం కొండంత ఉన్నా ప్రాణనష్టం ఆ స్థాయిలో లేకపోవడానికి ముందస్తు హెచ్చరికలు, తరలింపులు ముఖ్య కారణం. తగ్గించాలనేవాళ్లు ఇలా అంటారు: జిల్లా అంతటికీ ఒకే ఎరుపు, ఒకే సెలవు ఇస్తూ పోతే నిజమైన రోజున ఆ ఎరుపుకు విలువ ఉండదు.

పరిశోధనలు ఒకే వైపు తేల్చలేదు. అమెరికాలో 1996లో బెర్తా, ఫ్రాన్ హరికేన్ల సమయంలో కరోలినా తీరాల్లో జరిపిన అధ్యయనంలో, మొదటి హెచ్చరిక వృథా అయినంత మాత్రాన రెండోదానికి జనం కదలడం మానలేదని తేలింది. అక్కడే టోర్నడోల మీద జరిగిన మరో అధ్యయనంలో తప్పుడు హెచ్చరికలు ఎక్కువగా వచ్చే ప్రాంతాల్లో చావులు ఎక్కువని తేలింది. రెండు రోజుల వ్యవధి ఇచ్చే తుఫాను, నిమిషాల్లో మీద పడే సుడిగాలి ఒకటి కావు కాబట్టి రెండూ నిజం కావచ్చు. నేను చూసినంతలో జవాద్ తర్వాత జనం కోప్పడింది తుఫాను రానందుకు కాదు. ఎందుకు రాలేదో ఒక్కరూ వచ్చి చెప్పనందుకు. తరలించేటప్పుడు వచ్చిన మైకు ఆటో, ‘బలహీనపడింది, కారణం ఇది, మీరు వచ్చింది వృథా కాదు’ అని చెప్పడానికి మళ్లీ రాలేదు.

పిడుగుకు అరగంట, వడగాల్పుకు రోజు

పిడుగు హెచ్చరికది పూర్తిగా వేరే తూకం. ‘ఈ మండలాల్లో పిడుగులు పడే అవకాశం’ అని విపత్తుల నిర్వహణ సంస్థ పంపే మెసేజ్‌కు ఆయుష్షు గంటల్లోనే, ఒక్కోసారి గంట లోపే. అది వచ్చే వేళకు నాట్లు వేస్తున్న మనిషి ఫోన్ గట్టు మీద సంచిలో ఉంటుంది, లేదా ఇంట్లో చార్జింగ్‌లో. అప్పుడు మిగిలే సాధనం చెవి. మెరుపుకు, ఉరుముకు మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లెక్కపెట్టేలోపే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. జీడితోటలో చెట్టు కిందికి పరుగెత్తడం వానకు సరైన పని, పిడుగుకు సరిగ్గా వ్యతిరేకమైన పని. రెండూ ఒకేసారి వస్తాయి కాబట్టే ప్రాణాలు పోతున్నాయి.

2023లో ఫోన్లన్నీ ఒక్కసారి పెద్దగా మోగినప్పుడు చాలామంది హడలిపోయారు. అది కేంద్రం చేసిన పరీక్ష. ఆ పద్ధతిలో నంబర్లతో పని లేదు, ఒక టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి సందేశం వెళ్తుంది. పిడుగుకు, వరదకు ఇది బాగా పనికొస్తుంది. టవర్ నిలబడి ఉన్నంతసేపు.

వడగాల్పుల సంగతి ఒక్క మాట. రెంటచింతలలో 44 డిగ్రీలుంటే, 39 ఉన్న మనకు వడగాల్పు ఏమిటని అడుగుతారు. వాతావరణ శాఖ లెక్కలో మైదానంలో కనీసం 40 ఉండాలి, తీరంలో 37 చాలు, దానితోపాటు ఆ రోజుకు మామూలుగా ఉండే ఉష్ణోగ్రత కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. మామూలుగా 34 ఉండే చోట 39 అంటే 5 డిగ్రీలు ఎక్కువ. పైగా సముద్రపు తేమలో చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

గాలి అంకె నుంచి ఇంటి కప్పు దాకా

ఇప్పుడు వాతావరణ శాఖ కూడా ‘ఎంత గాలి’తో ఆగకుండా ‘ఏమవుతుంది’ అని రాయడం మొదలుపెట్టింది. పూరిళ్లు కూలొచ్చు, అరటి తోటలు పడిపోవచ్చు, కరెంటు స్తంభాలు ఒరగొచ్చు అని బులెటిన్ చివర ఉంటుంది. తిత్లీ లాంటిదానికి పూరిళ్లు పూర్తిగా పోతాయనీ, కచ్చా ఇళ్లు బాగా దెబ్బతింటాయనీ రాస్తారు. పెద్దమ్మకు కావాల్సిన వాక్యం అదే. కానీ అది రెండో పేజీలో ఉంటుంది, టీవీ మొదటి పేజీ దగ్గరే ఆగుతుంది. దీన్లోనూ ఇబ్బంది లేకపోలేదు. గాలి వేగం చెప్పడం శాస్త్రవేత్త పని, ఏ ఇల్లు నిలుస్తుందో చెప్పాలంటే ఆ ఇల్లు ఎరిగి ఉండాలి. ఊళ్లో ఎన్ని పెంకుటిళ్లు, ఎన్ని రేకులు, ఏ గట్టు బలహీనం అన్నది విశాఖలోని కేంద్రానికి తెలియదు, సచివాలయానికి తెలుస్తుంది. రెండూ ఒకే వాక్యంలోకి రావాలంటే ముందుగా కూర్చుని రాసుకోవాలి, తుఫాను వచ్చిన రోజు కుదరదు.

మొంథా రోజు, 2025 అక్టోబరు 28 మధ్యాహ్నం పెద్దమ్మే నాకు ఫోన్ చేసింది. “దాటేది మనకి ఎటేపు బాబూ?” అని మొదటి మాట. కాకినాడ వైపు అన్నాను. “అయితే దచ్చినం. మనం కుడేపే కదా?” కుడేపేగానీ వందల కిలోమీటర్ల దూరమని, మనకు గాలి కంటే వాన ఎక్కువని చెప్పాను. కాసేపు ఆలోచించింది. చీకటి పడకముందే ఆవునూ దూడనూ పక్కవాళ్ల స్లాబు కిందికి తోలి కట్టేసింది, గడ్డి మీద పట్టా కప్పింది. ఆ రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది, మా ఊళ్లో వానే కురిసింది. పొద్దున్నే వెళ్లి పలుపు విప్పి తోలుకొచ్చిందట. పక్కవాళ్ల అరుగు మీద పేడ కడగడానికి రెండు బిందెల నీళ్లు పట్టాయని చెప్పింది.